చేయించుకున్న నగ

మచిలీపట్నంలో మాది చిన్న దుకాణం. వీధి వైపు ఒక గది, నేల మీద చాప, పొట్టి పనిబల్ల, గ్యాస్ టార్చి, మూలన నాన్నగారి నాటి కుంపటి, గాజు పెట్టెలో ఎలక్ట్రానిక్ కాటా. అద్దాల బీరువాలు లేవు, వరసగా వేలాడదీసిన హారాలు లేవు. మా గడప ఎక్కేవాళ్లు సిద్ధంగా ఉన్న నగ కొనడానికి రారు, చేయించుకోవడానికి వస్తారు. పాత గాజులో, తెగిన గొలుసో, ధనత్రయోదశికి కొన్న నాణెమో చాప మీద పెట్టి, మనసులో ఉన్నది చెబుతారు.

ఇన్నేళ్లు కూర్చుని ఏం మిగుల్చుకున్నావని మా చుట్టాలు అడుగుతుంటారు. ఇల్లు గడిచింది, పిల్లలు చదువుకున్నారు. అంతకు మించి డబ్బు లెక్కలో చెప్పుకోదగ్గది లేదు. కానీ ఈ పనివల్ల నాకు దక్కినవి వేరే ఉన్నాయి. నా దగ్గర చేయించుకున్నవాళ్లకు దక్కినవీ ఉన్నాయి. ఇటూ అటూ దక్కినవాటికి మూలం ఒకటే: ఒకరి బంగారం ఇంకొకరి చేతిలో, ఇద్దరి కళ్లెదుట, నగ కావడం.

కంసాలి తన తల్లి ముక్కుపుడకలోనైనా కొంత దాచుకుంటాడని మన సామెత. బడిలో ఎవరో నా మొహం మీదే అంటే ఏడ్చుకుంటూ ఇంటికొచ్చాను. నాన్నగారు కోపగించుకోలేదు. "సామెత ఊరికే పుట్టదురా. ఎక్కడో ఎవరో చేసే ఉంటారు. మనం చేసేదేదో వాళ్ల కళ్లముందే చేద్దాం, వాళ్లే చెప్పుకుంటారు" అన్నారు. దానికి తగ్గట్టే ఆయన కుంపటి లోపలి గదిలో ఉండేది కాదు, అరుగు మీద ఉండేది. బంగారం ఇచ్చినవాళ్లు పక్కనే కూర్చోవాలి. పని మధ్యలో లేచి వెళ్లాల్సి వస్తే అప్పటిదాకా అయినది తూచి, కాగితం మీద రాసి, వాళ్ల చేతికే ఇచ్చి పంపేవారు. ఈ పద్ధతి నేనూ మార్చలేదు.

పాత గాజుల జత వచ్చిందనుకోండి. ముందు ఉన్నదున్నట్టు తూచి, కాటా మీది అంకె వాళ్లచేతనే చదివిస్తాను. రాళ్లుంటే ఊడదీసి, లోపల లక్క ఉంటే వేడిచేసి కార్చి, మళ్లీ తూస్తాను. చాలామందికి మొదటి బాధ ఇక్కడే. ఇన్నాళ్లూ బంగారం అనుకున్న బరువులో కొంత లక్కదని తెలుస్తుంది. ఆ తరవాత గీటురాయి మీద వాళ్ల బంగారంతో ఒక గీత, పక్కనే నాణ్యం తెలిసిన బంగారంతో ఇంకో గీత గీసి, రెండింటి మీదా ద్రావకం చుక్క వేస్తాను. ఏ గీత ఎంత నిలిచిందో, ఏది పచ్చబారిందో వాళ్లకూ కనిపిస్తుంది. పాత నగల్లో అతుకులు ఎక్కువగా ఉంటే కరిగించాక నాణ్యం తగ్గుతుందని అప్పుడే చెప్పేస్తాను. అతుకు పెట్టే టంకం నగకన్నా తక్కువ వేడికి కరగాలి కాబట్టి అందులో రాగి, వెండి పాలు ఎక్కువ. గొలుసులో ఎన్ని కొంకీలుంటే అన్ని అతుకులు. అందుకే ఇరవైరెండు క్యారెట్లని చేయించుకున్న పాత గొలుసు కరిగితే ఒక మెట్టు కిందికి దిగడం మామూలే. ఇందులో అమ్మినవాడి మోసం ఉండొచ్చు, లేకపోనూ వచ్చు. ఏది ఎంతో విడదీసి చెప్పడం నా పని.

అప్పుడు ముక్కల్ని మూసలో వేసి, చిటికెడు వెలిగారం చల్లి మంట పెడతాను. మేలిమి బంగారం కరిగేది 1,064 డిగ్రీల దగ్గర. రాగి, వెండి కలిసిన నగ బంగారం అంతకన్నా కొంచెం ముందే జారుతుంది. మొదట అంచులు చెమరుస్తాయి. తరవాత ముక్కలు ఒకదాని మీదికొకటి ఒరిగి, ఉన్నట్టుండి అన్నీ కలిసి గుండ్రటి బొట్టై మూసలో తిరగడం మొదలుపెడతాయి. మీది వెలిగారపు తెర పక్కకు జరిగినప్పుడు ఆ బొట్టు అద్దంలా వెలుగుతుంది. అంతదాకా ఏదో ఒకటి మాట్లాడుతున్నవాళ్లు అక్కడ మాట ఆపేస్తారు. అత్తగారు పెట్టిన గాజులో, పురిటికి పుట్టింటివాళ్లు వేసిన గొలుసో రూపం పోయింది. బంగారం అలాగే ఉంది. నూనె రాసిన ఇనప అచ్చులో పోస్తే కమ్మి అవుతుంది. దాన్ని దాగలి మీద సాగగొట్టి, గట్టిపడ్డప్పుడల్లా కాల్చి, కమ్మచ్చు బెజ్జాల్లోంచి లాగితే తీగ. ఆకురాయి పెట్టినప్పుడు రాలిన రజను ఒళ్లో పరిచిన తోలు మీద పడుతుంది. అది కూడా వాళ్లదే. చివర నగనీ, మిగిలిన ముక్కనీ, రజనునీ కలిపి తూచి, మొదటి అంకె పక్కన పెడతాను. ఎక్కడ ఎంత పోయిందో చెప్పగలిగితే తరుగు గురించి పేచీ రాదు.

నాన్నగారికి ఈ నిక్కచ్చితనం సుఖంగా ఉన్న రోజుల్లో అబ్బలేదు. 1963 జనవరిలో బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చాయి. పద్నాలుగు క్యారెట్లకు మించిన నాణ్యంతో కొత్త నగ చేయకూడదన్నారు. ఆ బంగారం సుత్తి కింద బిరుసు, రంగు మన ఆడవాళ్లకు నచ్చదు. దేశమంతటా స్వర్ణకారుల కుంపట్లు ఆరిపోయాయి. పస్తులకు తాళలేక ప్రాణాలు తీసుకున్నవాళ్ల కబుర్లు మా ఇళ్లలో చాలా ఏళ్లు చెప్పుకున్నారు. 1966లో పద్నాలుగు క్యారెట్ల షరతు ఎత్తేసినా, 1968లో బంగారం నియంత్రణ చట్టం వచ్చి లైసెన్సులూ రిజిస్టర్లూ తప్పనిసరి చేసింది. ఆ చట్టం రద్దయింది 1990లో. ఆ కష్టకాలంలో మా బంధువులు కొందరు పక్కనే ఉన్న చిలకలపూడి నగల పనిలోకి వెళ్లారు. నాన్నగారూ కొన్నాళ్లు వెళ్లారు. రాగి మీద బంగారు పూత వేసే ఆ పనిని ఆయన ఎన్నడూ తక్కువ చేసి మాట్లాడలేదు. "బంగారం కొనలేని ఆడపిల్ల పెళ్లిలో నిండుగా కనిపించిందంటే అది చిలకలపూడి చలవే" అనేవారు. మళ్లీ కుంపటి వెలిగించినప్పుడు ఆయనకు పని ఇచ్చినవాళ్లు అంతకుముందు అరుగు మీద కూర్చుని కరిగింపు చూసినవాళ్లే. చట్టం చేతులు కట్టేసిన ఏళ్లలో కూడా వాళ్ల నమ్మకం ఎక్కడికీ పోలేదని చెబుతున్నప్పుడు ఆయన గొంతు మారేది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మంగళసూత్రాల పని. మజూరీ చూస్తే అంతంతమాత్రం, బంగారమూ కొంచెమే. మా వైపు రెండు సూత్రాలు. ఒకటి పుట్టింటివారిది, ఒకటి అత్తింటివారిది. మంచిరోజు చూసుకుని రెండు వైపుల పెద్దవాళ్లూ వస్తారు. బంగారానికి పసుపూ కుంకుమా పెట్టి, తాంబూలంతో నా చేతికిస్తారు. కొందరు కొత్త పంచె పెడతారు. రేకును గుండ్రంగా కత్తిరించి, గుగ్గిలం, ఇటుకపొడి, నూనె కలిపి కాచిన ముద్ద మీద బోర్లా అంటించి, వెనకనుంచి చిన్న సుత్తితో ఉబ్బెత్తు తేవాలి. ఎక్కువ కొడితే రేకు పలచబడి చిల్లు పడుతుంది, తక్కువైతే నాలుగేళ్లకే సొట్టపోతుంది. ఒంటి మీదినుంచి తియ్యని వస్తువు కదా, ఒక్క అంచు కూడా గుచ్చుకోకూడదు. నా బొటనవేలి గోటి పక్కన మెత్తటి చోటు ఉంది, అంచు చుట్టూ అది తిప్పి చూసుకుంటాను. ఆకురాయి వదిలిన గరుకు కంటికి దొరక్కపోయినా అక్కడ దొరుకుతుంది.

పెళ్లి పిలుపు నాకూ వస్తుంది. వెళ్లినచోట జీలకర్ర బెల్లం అయ్యాక సూత్రాలు పళ్లెంలో పెట్టి అందరికీ తాకించి తెస్తారు. నా చేతి పనికి నేనూ దణ్ణం పెడతాను. బజార్లో, బస్టాండులో, గుడి దగ్గర పలకరించే ఆడవాళ్లలో ఎందరి మెడలో నేను కొట్టిన సూత్రాలున్నాయో! చూసి ఊరుకుంటాను. ఆ సంతోషం ఎవరికీ చెప్పుకునేది కాదు.

ఆ మధ్య ముగ్గురు అక్కచెల్లెళ్లు వచ్చారు. పెద్దావిడ విజయవాడ, రెండో ఆవిడ హైదరాబాదు, చిన్నమ్మాయి అమెరికాలో టెక్సస్. తల్లి పోయి ఏడాది. ఆవిడ కాసులపేరు మా తాతగారు చేసింది. దాన్ని అమ్మి డబ్బు పంచుకుందామని ఒకరు, కరిగించి మూడు ముక్కలు చేయమని ఒకరు.

"మాకు అమ్మ గుర్తు కావాలి గానీ గొడవ వద్దండీ ఆచారి గారూ. గ్రాము అటూ ఇటూ అయితే మళ్లీ మాటలొస్తాయి" అంది పెద్దావిడ.

"కరిగిస్తే గ్రాములు సమానమవుతాయమ్మా. అమ్మ మాత్రం ఎవరికీ మిగలదు. ఒకసారి విప్పి చూద్దాం" అన్నాను.

నూట ఎనిమిది కాసులు. విప్పి, వాటి వరస చెదరకుండా గుడ్డ మీద పేర్చాను. గుండెల మీద ఆనే కాసుల మీద లక్ష్మీదేవి ముఖం అరిగి నునుపైపోయింది, మెడ వెనకవైపువి నిన్న కొట్టినట్టున్నాయి. వరసగా ముప్పైఆరేసి ఇచ్చేస్తే ఒకరికి అరిగినవన్నీ, ఒకరికి కొత్తవన్నీ వెళతాయి. అందుకని మొదటి కాసు పెద్దావిడకి, రెండోది రెండో ఆవిడకి, మూడోది చిన్నమ్మాయికి, మళ్లీ మొదటికి, అలా చివరిదాకా పంచాను. మూడు గుట్టలూ తూస్తే తేడా చాలా స్వల్పం, ఆ స్వల్పాన్నీ కొక్కేల బంగారంలో సరిచేశాను. మెడ వెనక భాగానికి సన్న గొలుసు వేసి మూడు కురచ కాసులపేర్లు కట్టాను. కొంకీలు తెగినచోట్ల మాత్రమే కొత్త అతుకు. తాతగారి కాసు అచ్చు ఇప్పటికీ మా పెట్టెలో ఉంది. కావాలంటే అరిగినవాటి మీద మళ్లీ ముద్ర వేస్తానని అడిగాను. ముగ్గురూ ఒక్కసారే వద్దన్నారు. అరిగింది వాళ్లమ్మ ఒంటి మీద.

ఆ రోజు వాళ్లకు దక్కిందేమిటో చెప్పనక్కర్లేదు. నాకు దక్కింది మటుకు చెబుతాను. తాతగారిని నేను చూసి ఎరగను. కాసు వెనకవైపు, ఎవరూ చూడని చోట, ప్రతి కొంకీ ఒకే కోణంలో వంచి ఉంది. నూట ఎనిమిదీ అంతే. ఒక మనిషి ఎలాంటివాడో ఆయన పని వెనకవైపు తిప్పి తెలుసుకున్నాను.

పెద్ద పెద్ద హారాల సంగతే చెబితే సగమే చెప్పినట్టు. గిలకలదిండి నుంచి ఒకావిడ వస్తుంది, చేపలమ్ముతుంది. ఆమె ఎప్పుడూ ఒక నగ మొత్తం ఒక్కసారి చేయించుకోలేదు. ముందు దిద్దులు, తరవాత అరకాసు, ఇంకో అరకాసు కూడబెట్టి కూతురికి గొలుసు. మా వైపు కాసంటే ఎనిమిది గ్రాములు. పని మొదలుపెట్టేముందు ఆమె అడిగేది ఒక్కటే: "ఆచారీ, రేపు దీన్ని తాకట్టు పెడితే ఎంతొస్తాదో ముందే చెప్పు." ఆమెకు రాళ్లు పెట్టను, లక్క నింపను, పూలూ ఆకులూ చెక్కి మజూరీ పెంచను. గట్టి బంగారం, సాదా పని. వేట లేని నెలల్లో అది బ్యాంకుకు వెళుతుంది, చేపలు పడ్డాక ఇంటికొస్తుంది. కొడుకు ఐటీఐ ఫీజు అలా కట్టింది, ఇంటి మీద రేకులు అలా మార్చింది. విడిపించుకున్న గొలుసు మెడలో వేసుకుని మా గుమ్మం ముందు ఒక నిమిషం ఆగి వెళుతుంది. మెరుగు పెట్టమని కూడా అడగదు. బంగారం కొనడం వృథా ఖర్చని ఎవరైనా అంటే నాకు ఆమె గుర్తొస్తుంది. ఎవరి దయా అక్కర్లేకుండా గంటలో డబ్బయ్యే ఆస్తి ఆమెకు అదొక్కటే, దాన్ని ఒంటి మీద వేసుకుని తిరిగే హక్కూ ఆమెదే.

మా వృత్తిలో కష్టం ఉంది. ఆషాఢంలో, మూఢాల్లో పెళ్లిళ్లుండవు, పనీ ఉండదు. మాఘం, వైశాఖం, శ్రావణం వస్తే నిద్ర ఉండదు. కళ్లు త్వరగా అలిసిపోతాయి, నడుము వంగుతుంది. ఒకప్పుడు కేడీఎం అని గొప్పగా చెప్పుకున్నారే, అది కాడ్మియం కలిపిన టంకం. అతుకు పెట్టినా నగ నాణ్యం తగ్గదని అందరూ దానికి మళ్లారు. కానీ కాడ్మియం 767 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది, ఆ పొగ పీల్చిన పనివాడి ఊపిరితిత్తుల్ని, మూత్రపిండాల్ని తినేస్తుంది. వేసుకున్నవారికి తెలియని ఖర్చు అది. ఇప్పుడు జింకు కలిసిన టంకాలు వచ్చాయి. ఎవరైనా ఇంకా కేడీఎం నగ అని గొప్పగా చెబితే, వద్దని చెప్పండి. మీరు వద్దంటే ఎక్కడో ఒక పనివాడి ఊపిరి నిలబడుతుంది.

హాల్‌మార్కు వచ్చాక మావంటి చిన్నవాళ్ల పని అయిపోయిందని అనుకున్నవాళ్లున్నారు. నేనలా అనుకోలేదు. భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ బంగారు నగలకు హాల్‌మార్కు మొదలుపెట్టింది 2000లో. 2021 జూన్ నుంచి విడతలుగా జిల్లాలవారీగా తప్పనిసరి చేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అక్షరాలూ అంకెలూ కలిసి ఆరుండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు సంఖ్య లేకుండా ఆ నగలు అమ్మకూడదు. రెండు గ్రాముల లోపు వస్తువులకూ, ఏడాది వ్యాపారం నలభై లక్షలు దాటని చిన్న దుకాణాలకూ మినహాయింపు ఉంది. మినహాయింపు ఉన్నా, ఎవరికైనా సందేహం ఉంటే నగను హాల్‌మార్కింగ్ కేంద్రానికి తీసుకెళ్లి పరీక్ష చేయించుకోమని నేనే చెబుతాను. నాన్నగారు అరుగు మీద నోటితో చెప్పిన మాటను ఇప్పుడు యంత్రం కాగితం మీద చెబుతోంది. సరిగ్గా పనిచేసేవాడికి అంతకన్నా కావలసిందేముంది? సామెతకు జవాబు ఇన్నాళ్లకు ప్రభుత్వ ముద్రతో దొరికింది.

షోరూముల్లో కొనేవాళ్లను నేను తప్పుపట్టను. ఆ కౌంటర్ల వెనక మా పిల్లలే ఉద్యోగాలు చేస్తున్నారు. ఎక్కడ కొన్నా కొన్ని చూసుకోండి. మొత్తం బరువు ఎంత, రాళ్లూ పూసలూ పోగా బంగారం ఎంత అన్నది బిల్లులో విడివిడిగా రాయించుకోండి. రాళ్లను బంగారం ధరకు కొనకండి. తరుగెంతో, మజూరీ ఎంతో, తిరిగి ఇస్తే ఏ లెక్కన తీసుకుంటారో డబ్బు కట్టకముందే అడగండి. హెచ్‌యూఐడీ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. గొలుసైతే కొక్కేన్ని నాలుగుసార్లు పెట్టి తియ్యండి, దిద్దులైతే మర తిప్పండి. ముందువైపు ఎవరైనా మెరిపిస్తారు. పనివాడు మనసు పెట్టాడా లేదా అన్నది కొక్కెం దగ్గర, మర దగ్గర, వెనకవైపు అతుకు దగ్గర తెలిసిపోతుంది. పది గ్రాముల ధర లక్ష దాటిన రోజుల్లో అడగడానికి మొహమాటపడితే ఆ మొహమాటం ఖరీదైనదవుతుంది.

మా అబ్బాయి ఈ పనిలోకి రాలేదు. రమ్మని నేనూ పట్టుబట్టలేదు. అమ్మాయి వచ్చింది. మా కులంలో ఆడపిల్ల కుంపటి ముందు కూర్చోవడం నా చిన్నతనంలో చూడలేదు. తను కంప్యూటర్లో నగ గీస్తుంది. ఆ బొమ్మ విజయవాడలో మైనపు అచ్చు అయి, పోత పోసి వస్తుంది. మొదట్లో నాకు అది నగలాగా అనిపించలేదు, సుత్తి తగలని బంగారం కదా. కానీ ఒకరోజు తను తెర మీద జూకా తిప్పి చూపిస్తూ "నాన్నా, చెవికి తగిలే చోట ఈ అంచు గుచ్చుకుంటుందా?" అని అడిగింది. వెనకవైపు తిప్పి అడిగింది. ఎంత మందం ఉంచాలో, ఎక్కడ గుండ్రం చెయ్యాలో చెప్పాను. చెప్పిందల్లా తెర మీద దిద్దింది. పోత పోసి వచ్చాక మెరుగు పెట్టే పని నాది. ఇప్పుడు మా గదిలో కాటా పక్కన లాప్‌టాప్ కూడా ఉంటుంది. చేయించుకునేవాళ్లు చాప మీద కూర్చుని తెర చూస్తూ, ఇక్కడ ఇంకో పూస వెయ్యండి, అక్కడ తగ్గించండి అని చెబుతారు. పద్ధతి మారింది, వాళ్ల కళ్లెదుట చెయ్యడం మారలేదు.

అందుకని చదివేవాళ్లను అడిగేది ఒకటుంది. మీ ఊళ్లోనో, మీ పక్క వీధిలోనో ఇంకా కుంపటి ముందు కూర్చున్న ఆచారి ఒకరు ఉండే ఉంటారు. పెద్ద హారంతో మొదలుపెట్టక్కర్లేదు. మనవడి మొలతాడుకు మువ్వో, అమ్మ ముక్కుపుడకకు కొత్త మరో, తెగి డబ్బాలో పడున్న గొలుసుకు అతుకో చేయించండి. ఇచ్చి వెళ్లిపోకండి, పక్కన కూర్చోండి. తూచేటప్పుడు అంకె చదవండి, తెలియనిది అడగండి. అలా ఒక పూట కూర్చుంటే మీ బంగారం గురించి పది దుకాణాలు తిరిగినా తెలియనిది తెలుస్తుంది. ఆయనకు మజూరీతో పాటు తన పని తెలిసి చేయించుకున్నవాళ్లు ఇంకా ఉన్నారన్న ధైర్యం దక్కుతుంది. ఆ ధైర్యం ఉన్నచోట మాత్రమే వాళ్ల పిల్లలు ఈ పని నేర్చుకుంటారు.